గేటు దగ్గర గొడ్డలాయన

ప్లెయిన్స్‌బరో,
అక్టోబరు 2013

చిట్టీ,

కవరు మీద చేతిరాత చూడగానే అమ్మ అని తెలిసిపోయి ఉంటుంది. అయినా విప్పావు, సంతోషం. ఇది మీ ఆఫీసు అడ్రస్‌కి పంపుతున్నాను. ఆట డబ్బా వెనక చీమ తలకాయంత అక్షరాలలో ఉంటే కళ్ళజోడు పైకీ కిందకీ జరుపుకుంటూ చూసి రాసుకున్నాను. నీ ఇంటి అడ్రస్ నా దగ్గర లేదు. మీ నాన్న దగ్గర ఉందేమో, నేను అడగలేదు. ఉందంటే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు. ఈమెయిల్ ఇస్తే ‘ఐ యామ్ ఫైన్’ అని ఒక ముక్క వస్తుంది. నాలుగు గంటలు డ్రైవ్ చేస్తే వచ్చే హెర్న్‌డన్‌లో ఉన్న కూతురికి స్టాంపు అంటించి ఉత్తరం రాసే తల్లి న్యూజెర్సీ మొత్తానికి నేనొక్కదాన్నే అయి ఉంటాను.

సంగతేమిటంటే, నేను మీ ఆఫీసువాళ్ళు చేసిన వీడియో ఆట ఆడుతున్నాను. నవ్వకు.

మొన్నో శనివారం మీ నాన్న ఒక పెద్ద పెట్టె మోసుకొచ్చి టీవీ కింద పెట్టారు. వైర్లు కలుపుతూ, నా వైపు చూడకుండా, “నళినీ, ఇందులో ఒక గొడ్డలివాడు ఉంటాడు. వాణ్ణి కదిలించింది మన పిల్లేనట” అన్నారు. “మీకెవరు చెప్పారు?” అన్నాను. “పిల్లే చెప్పింది. ఆఫీసుకి ఫోన్ చేస్తుందిలే, అప్పుడప్పుడు” అన్నారు. ఆ అప్పుడప్పుడు అన్న మాటని ఆయన గొంతులోనే మింగేద్దామని చూశారు గానీ నాకు వినబడింది. నాతో రెండేళ్ళుగా మాట్లాడని పిల్ల తండ్రికి ఫోన్ చేస్తోందన్నమాట. బాత్‌రూమ్‌లోకి వెళ్ళి కాసేపు ఏడ్చాను. నీకు తెలియాలనే రాస్తున్నాను.

ఏడుపు అయిపోయాక కుతూహలం మొదలైంది. నీకు మొదటి పన్ను ఏ నెలలో వచ్చిందో తెలుసు, ఏ చెప్పు కరుస్తుందో తెలుసు, కానీ ఇప్పుడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నువ్వు ఏం పని చేస్తావో నాకు తెలియదు. “బొమ్మలకి నడక నేర్పుతుంది” అన్నారు మీ నాన్న. నడక నేర్పడం ఒక ఉద్యోగమా అనుకున్నాను. పోనీ చూద్దామని కూర్చున్నాను.

మొదటి వారమంతా గోడలకి గుద్దుకోవడమే. చేతిలో కంట్రోలర్ పట్టుకుని ఒక బొటనవేలితో నడవాలి, రెండో బొటనవేలితో తల తిప్పాలి. నేను నేల చూస్తూ, ఆకాశం చూస్తూ మంచు కొండంతా తిరిగాను. మీ కోట చాలా బాగుంది. రాతి మెట్ల మీద మంచు పడడం, కాలు పెడితే గుర్తు పడడం అదంతా చూసి నోరు తెరిచేశాను. కానీ అంత పెద్ద కోటలో వంటగది ఎక్కడా కనిపించలేదు. ఆ సైనికులంతా ఏం తింటారు? దెబ్బ తగిలినప్పుడల్లా మన పిల్ల తాగే పచ్చ మందు సంగతి సరేసరి. సీసా మీద లేబుల్ లేదు, బ్యాచ్ నంబర్ లేదు, ఎక్స్‌పైరీ లేదు. మాత్రలు పరీక్షించే మా ల్యాబ్‌కి వస్తే ఆ మందు గుమ్మం దాటి బయటికి పోదు.

ఆటలో మనం ఆడే కత్తి అమ్మాయిని నేను ‘మన పిల్ల’ అంటున్నాను. ఏమీ అనుకోకు.

పడుతూ లేస్తూ ఎలాగో కొండ పైదాకా వెళ్ళాను. అక్కడ ఒక వంతెన, వంతెన చివర ఇనప గేటు, గేటు ముందు ఆయన. తాటిచెట్టంత మనిషి. గడ్డం, చేతిలో తలుపు రెక్కంత గొడ్డలి. ఇలాంటి వాళ్ళని బాస్ అంటారని మీ నాన్న చెప్పారు. ఎందుకంటే ఏమో అన్నారు. నాకు ఆయన్ని చూడగానే ‘వాడు’ అనబుద్ధి కాలేదు, గొడ్డలాయన అంటున్నాను. అంతసేపూ కష్టపడి ఎక్కిన మన పిల్ల ఆయన ముందు నాలుగు అడుగులు వెయ్యకుండానే చచ్చిపోయింది. చచ్చిన ప్రతిసారీ లేచే చోటు కొండ కింద దీపమట, మళ్ళీ అక్కడ లేచింది. మళ్ళీ ఎక్కింది. మళ్ళీ చచ్చింది. బట్టలు మడతపెట్టడం మానేసి ఆ సాయంత్రమంతా ఇదే పని.

ఒక్క విషయం మాత్రం నాకు వింతగా తోచింది. ఆయన ఎవరి జోలికీ రాడు. వంతెన ఇవతల నిలబడితే మనల్ని చూస్తాడు, అంతే. గేటు వైపు అడుగు వేస్తేనే గొడ్డలి ఎత్తుతాడు. దొంగా కాదు, రాక్షసుడూ కాదు. మరి ఎందుకలా నిలబడ్డాడు? గేటు అవతల ఏముంది? నీకు తెలుసు కదా, ఒక్క ముక్క రాస్తే నీ సొమ్మేం పోదు.

మా ఆఫీసులో ఒక బ్యాచ్ మాత్రలు పాడైతే, ఆపరేటర్ పొరపాటు అని రాసి చేతులు దులుపుకోనివ్వరు. ఎందుకు అని అడగాలి, దానికి జవాబు వస్తే మళ్ళీ ఎందుకు అని అడగాలి. అసలు కారణం దొరికేదాకా ఫైలు మూయకూడదు. ఇరవై ఏళ్ళుగా అదే చేస్తున్నదాన్ని, నీ గొడ్డలాయన సంగతి తేల్చకుండా వదులుతానా?

వేళకి తిను.

అమ్మ


ప్లెయిన్స్‌బరో,
డిసెంబరు 2013

బంగారూ,

జవాబు రాలేదు. ఫరవాలేదు. ఉత్తరం తిరిగి కూడా రాలేదు కాబట్టి నీ చేతికి అందిందనే లెక్క.

థాంక్స్‌గివింగ్ సెలవుల్లో నువ్వు వస్తావేమోనని నీ గది తుడిపించాను. నువ్వు రాలేదు. ఆ నాలుగు రోజులూ నేనూ మీ నాన్నా నీ గొడ్డలాయనతోనే గడిపాం. మన వీధిలో మీనా వాళ్ళింటికి భోజనానికి పిలిస్తే కూడా నాకు ఒంట్లో బాలేదని చెప్పి ఎగ్గొట్టాం. పైగా అక్కడికి వెళ్తే ‘మీ సంహిత ఫార్మసీ అయిపోయిందా?’ అని అడుగుతారు. ఇన్నాళ్ళూ ‘వర్జీనియాలో జాబ్’ అని మాట మార్చేసేదాన్ని. ఈ మధ్య ఒకావిడ సరుకుల కొట్లో కనిపించి అడిగితే “మంచు కొండ మీద గొడ్డలివాడికి నడక నేర్పింది” అని చెప్పాను. ఆవిడ కరివేపాకు కట్ట చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నాకు మాత్రం భలే హాయిగా ఉంది.

ఇక అసలు సంగతి. ఆయన దెబ్బలన్నీ నాకు కంఠతా వచ్చేశాయి. పక్కకి కొడితే కిందకి దొర్లాలి, పైనుంచి కొడితే పక్కకి జరగాలి. గట్టిగా అరిచి నేల మీద తన్నితే దూరంగా పరిగెత్తాలి. అరుపులకేం భయం లేదు, అరిచేవాడు ఎప్పుడు కొడతాడో తెలుస్తూనే ఉంటుంది. నన్ను చంపేది ఒకటే దెబ్బ. బాగా కొట్టుకున్నాక ఆయన ఉన్నట్టుండి ఆగిపోతాడు. గొడ్డలి దించేస్తాడు. ఇక చాలు అన్నట్టు వెనక్కి తిరిగి గేటు వైపు రెండడుగులు వేస్తాడు. అమ్మయ్య అనుకుని మన పిల్ల మందు సీసా తీస్తుంది, లేదా వెనకనుంచి కొడదామని దగ్గరికి వెళ్తుంది. అప్పుడు తిరుగుతాడు. ఆ తిరగడంలోనే గొడ్డలి. అంతే, చీకటి.

నేను మా పద్ధతిలోనే ఆలోచించాను. ఎందుకు చచ్చాను? దగ్గరికి వెళ్ళాను కాబట్టి. దగ్గరికి ఎందుకు వెళ్ళాను? పోట్లాట అయిపోయిందనుకున్నాను కాబట్టి. అయిపోయిందని ఎందుకు అనుకున్నాను? ఆయన వెళ్ళిపోతున్నాడు కాబట్టి. వెళ్ళిపోతున్నవాడు మళ్ళీ ఎందుకు తిరిగాడు? అక్కడ ఆగిపోయాను. ఎంత బుర్ర బద్దలుకొట్టుకున్నా జవాబు దొరకలేదు.

శుక్రవారం మీ నాన్న “ఇలా తే” అని కంట్రోలర్ తీసుకున్నారు. ఆయన వేళ్ళు నాకంటే మొద్దు, నడవడమే సరిగా రాదు. అయినా ఎలాగో గొడ్డలాయన వెనక్కి తిరిగేదాకా బతికారు. నేను పక్కన కూర్చుని “వెళ్ళండి, వెళ్ళండి, కొట్టండి” అని అరుస్తున్నాను. ఆయన కదల్లేదు. “ఉండు, ఇంకా అవలేదు” అన్నారు. గొడ్డలి గిర్రున తిరిగి నేలకి తగిలింది. మన పిల్ల దూరంగా క్షేమంగా నిలబడి ఉంది. “మీకెలా తెలిసింది?” అంటే “అలవాటు” అన్నారు. గుంటూరులో క్రికెట్ ఆడేవారు కదా, బంతి ఎటు తిరుగుతుందో చూసే కన్ను ఉందేమో అనుకున్నాను. ఆ తర్వాత ఏదో చిన్న దెబ్బకే ఆయనా పోయారనుకో.

కానీ ఆయన ఆడుతుంటే పక్కనుంచి చూసినప్పుడు నాకు ఒకటి తట్టింది. ఆ గొడ్డలాయన ఊపిరి బుసకొట్టడం, కాలు నేలకేసి కొట్టడం, కారు మీద మంచు గీకేటప్పుడు భుజం ఎగరేసినట్టు భుజం ఎగరేయడం. చిట్టీ, అది మీ నాన్నే కదూ? పేరు కూడా వీరభద్రం ఆయె. నాకు నవ్వాగలేదు. ఆయనతో చెబితే టీవీ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, “నేనేనంటావా? సరే, నేనే” అన్నారు. అంత తొందరగా ఒప్పుకుంటారనుకోలేదు.

నవ్వు అయ్యాక మనసు చివుక్కుమంది. ఆ రోజు నువ్వు ఫార్మసీ మానేశానని చెప్పినప్పుడు ఆయన ఎలా అరిచారో గుర్తొచ్చింది. పక్కింటివాళ్ళు వచ్చి తలుపు కొడతారేమో అన్నంత గోల. నేను ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు, నీకు తెలుసు. నీ ఇష్టం అన్నాను. నా తప్పేదైనా ఉంటే ఆయన్ని ఆపకపోవడమే. అందుకే నామీద కోపం పెట్టుకున్నావని ఇప్పుడు అర్థమైంది. అరిచినాయన ఫోన్ చేసి మంచి చేసుకున్నాడు, నోరు మూసుకు కూర్చున్నది చెడ్డదైంది. నీ గొడ్డలాయన వల్ల ఇంతకాలానికి అసలు కారణం దొరికింది. ఇక ఈ ఫైలు మూసేద్దామా? నేను ఒక శనివారం బయల్దేరి వస్తాను. నువ్వు ఊఁ అంటే చాలు.

అమ్మ


హెర్న్‌డన్,
డిసెంబర్ 2013

అమ్మా,

నీ రెండు లెటర్స్ అందాయి. మొదటిది మా రిసెప్షన్‌లో అమ్మాయి తెచ్చి ఇచ్చింది. ఈ స్క్రిప్ట్ ఏంటి, చాలా బ్యూటిఫుల్‌గా ఉంది అంది. నేను చదివి డెస్క్‌లో పెట్టేశాను. రెండోది చదివాక రాయకుండా ఉండలేకపోతున్నాను. నా తెలుగు రాత బాలేదు, నువ్వు నేర్పినంతవరకే వచ్చు. ఇంగ్లీష్‌లో అయితే బాగా రాస్తాను. కానీ ఇంగ్లీష్‌లో రాస్తే నేను ఆఫీస్‌లో మాట్లాడేలా మాట్లాడతాను, అది వద్దు.

నువ్వు ఆడుతున్నావని నాన్న ముందే చెప్పాడు. జోక్ అనుకున్నాను. వంటగది గురించి నువ్వు రాసింది చదివి చాలా నవ్వాను. వంటగది ఉండేది అమ్మా, టైమ్ లేక తీసేశారు.

కానీ గొడ్డలివాడు నాన్న కాదు.

ఆ రోజు నాన్న అరిచాడు, నిజమే. చాలా అరిచాడు. తర్వాత అరగంటకి నా రూమ్ తలుపు కొట్టి “ఆకలేస్తోందా?” అన్నాడు. నాన్న కోపం అంతే, అరిస్తే అయిపోతుంది. నువ్వు అరవలేదు. “సరే, నీ ఇష్టం” అన్నావు. నాకు ఎంత హాయి అనిపించిందో నీకు తెలియదు. అమ్మకి అర్థమైంది అనుకున్నాను. నువ్వు ప్లేట్లు తీసుకుని కిచెన్ వైపు వెళ్ళావు. డోర్ దగ్గర ఆగావు. తిరిగావు. మెల్లగా, చాలా మామూలుగా అన్నావు. “ఇది కూడా మధ్యలోనే వదిలేస్తావు. చూస్తూ ఉండు.”

నీకు గుర్తుందో లేదో. నాకు ప్రతి అక్షరం గుర్తుంది.

అది మొదటిసారి కాదు. వయొలిన్ మానేసినప్పుడు, స్విమ్మింగ్ మానేసినప్పుడు, స్కూల్ డాన్స్ పార్టీకి ప్రాం డ్రెస్ కొన్నప్పుడు కూడా. ముందు సరే అంటావు. వెళ్ళిపోతావు. నేను ఊపిరి వదిలాక తిరుగుతావు. చిన్నప్పటినుంచి నేను నీ వీపు చూసి కౌంట్ చేసేదాన్ని, ఇప్పుడు తిరుగుతుందా, ఇప్పుడు తిరుగుతుందా అని. నాన్న కూడా చేస్తాడు, అడుగు.

అది నువ్వే అమ్మా.

కొట్టేద్దాం అనుకున్నాను. కొట్టేయలేదు. ఇంకొకటి కూడా చెప్పాలి, అది వినకపోతే ఇది అన్యాయం.

వెనక్కి తిరిగి కొట్టే ఆ మూవ్ నేను కోపంతోనే మొదలుపెట్టాను. ఆడేవాళ్ళందరినీ చంపాలి, నాకు తగిలినట్టు వాళ్ళకి తగలాలి అనుకున్నాను. మా టీంలో ఆడి చూసినవాళ్ళందరూ దానికే చచ్చిపోయారు. మా లీడ్ వచ్చి “ఈ టైమింగ్ ఎక్కడినుంచి పట్టావు?” అని అడిగాడు. ఇంట్లో నేర్చుకున్నాను అన్నాను. కానీ బొమ్మ సరిగా రాలేదు. దెబ్బ బాగుంది, మనిషి లేడు. మా పనిలో ఏంటంటే, ఆ మనిషి ఎందుకు కదులుతున్నాడో మనకి తెలియకపోతే చూసేవాళ్ళకి ఆ సంగతి తెలిసిపోతుంది. సో నేను రోజూ అదే ఆలోచించాల్సి వచ్చింది. అమ్మ ఎందుకు తిరుగుతుంది? కోపంతో తిరిగినట్టు చేశాను, రాంగ్. గెలవాలని తిరిగినట్టు చేశాను, అదీ రాంగ్. ఒకరోజు ఊరికే, భయపడి తిరిగినట్టు చేసి చూశాను. గేటు అవతల ఏముందో వాడికి తెలియదు, ఎవరైనా అటు వెళ్తే ఏమవుతారో అని భయం. వెళ్ళనిద్దాం అనే అనుకుంటాడు, వెనక్కి తిరుగుతాడు, రెండు అడుగులు వేస్తాడు. కానీ ఉండలేడు. అప్పుడు వాడి భుజం దానంతట అదే కొంచెం కిందికి దిగింది. నీ భుజం దిగినట్టే. నేను నా డెస్క్ దగ్గరే ఏడ్చేశాను, మా వాళ్ళకి ఏమీ అర్థం కాలేదు.

గేటు అవతల ఏముందని అడిగావు. రోడ్డు ఉంది అమ్మా. అంతే.

నీ మీద కోపం పోయిందా అంటే తెలియదు. రమ్మని ఇంకా అనలేను. కానీ ఇంటి అడ్రస్ కింద రాస్తున్నాను, ఆఫీస్‌కి పంపకు. ఇంకోటి. ఈ గేమ్ కొన్నవాళ్ళలో చాలామంది వాడి దగ్గరే ఆపేశారు. నువ్వు ఆపలేదు. అది నాకు చాలా...

తెలుగులో ఏమనాలో తెలియడం లేదు.

సంహిత


ప్లెయిన్స్‌బరో,
మార్చి 2014

నా తల్లీ,

ఇది నీ ఇంటి అడ్రస్‌కి రాస్తున్న మొదటి ఉత్తరం. అపార్ట్‌మెంట్ నంబర్ సరిగా వేశానో లేదో అని పదిసార్లు చూసుకున్నాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు నాకు ముందు వచ్చింది కోపమే. అన్నం పెట్టిన చేతిని గొడ్డలి చేస్తుందా ఇది, అనుకున్నాను. నేను అలా అననే లేదని కూడా అనుకున్నాను. మీ నాన్న ఆఫీసు నుంచి రాగానే ఉత్తరం చేతిలో పెట్టాను. ఆయన బూట్లు కూడా విప్పకుండా నిలబడే చదివారు.

“మీకు ముందే తెలుసా?” అన్నాను.

“తెలుసు.”

“ఎప్పటినుంచి?”

“మొదటిసారి వాడు వెనక్కి తిరిగినప్పటినుంచి.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“చెప్తే సరే, మీ ఇష్టం అని వంటింట్లోకి వెళ్ళిపోతావు. ఆ తర్వాత నా గతేం కాను?” అన్నారు.

నిజం చెప్పనా? అప్పటికే నేను వంటింటి వైపు ఒక అడుగు వేసేశాను. ఆ అడుగు వెనక్కి తీసుకోలేక, ముందుకు వెయ్యలేక, అలా హాల్లో నిలబడిపోయాను. మీ నాన్న వంగి బూట్లు విప్పుకోవడం మొదలుపెట్టారు. కాసేపటికి నాకే నవ్వొచ్చింది, ఆ తర్వాత ఏడుపొచ్చింది.

అన్నాను తల్లీ. వయొలిన్ అప్పుడూ అన్నాను, ప్రాం డ్రెస్ అప్పుడూ అన్నాను. ఆ రోజు కూడా అన్నాను. నేను అరవను కదా, మెల్లగా చెప్తాను కదా అని నా మటుకు నాకు గొప్పగా ఉండేది. ఇంటికి వచ్చినవాళ్ళు కూడా నళిని గొంతు ఎత్తదు అనేవారు. గొంతు ఎత్తకుండా ఎంత లోతుగా కొట్టవచ్చో నన్ను నేనెప్పుడూ అడగలేదు. రోజంతా ఎందుకు, ఎందుకు అని అడిగే ఉద్యోగం చేస్తూ, ఇంట్లో ఒక్కనాడూ ఆ పని చెయ్యలేదు. భయమేనా అని నన్ను నేను చాలాసార్లు అడిగి చూశాను. నువ్వు రాసినట్టు భయమే. కానీ దెబ్బ తిన్నవాళ్ళకి కొట్టినవాళ్ళ భయంతో ఏం పని? భయపడ్డానని చెప్పి తప్పించుకోను.

ఆ తర్వాత చాలా రోజులు ఆట ముట్టలేదు. ఫిబ్రవరిలో పెద్ద మంచు పడి ఆఫీసులు మూసేస్తే, ఆ మధ్యాహ్నం మళ్ళీ పెట్టాను. ఈసారి కొట్టడానికి కాదు, చూడడానికి. మన పిల్లని వంతెన మధ్యలో నిలబెట్టి, దెబ్బలు తప్పించుకుంటూ ఆయన వెనక్కి తిరిగేదాకా ఆగాను. నువ్వు చెప్పిన భుజం చూశాను. మొదట కనిపించలేదు. మళ్ళీ మళ్ళీ చూశాక కనిపించింది. తిరగబోయే ముందు, గాలి తీసేసినట్టు, ఒక్కసారి కిందికి దిగుతుంది. నేను అలా ఉంటానా అని అద్దం ముందు నిలబడి కూడా చూసుకున్నాను. మనం చూస్తున్నామని తెలిస్తే రాదు అది.

ఆయన తిరిగి కొట్టాక గొడ్డలి నేలలో దిగబడుతుంది. దాన్ని లాక్కోవడానికి రెండు చేతులూ కావాలి. అప్పుడు వెళ్ళాలి దగ్గరికి. అంతే కిటుకు. ఇన్ని నెలలూ వెళ్ళకూడని వేళ వెళ్ళాను. ఆ సాయంత్రం గెలిచాను. గెలిస్తే చచ్చిపోతాడేమోనని చివరి దెబ్బ కొట్టడానికి చేతులు రాలేదు. చచ్చిపోలేదు. గేటు పక్కన కూలబడి, గొడ్డలి ఒళ్ళో పెట్టుకుని, దారి వదిలాడు. అది నువ్వే పెట్టావా? మన పిల్లని తీసుకెళ్ళి ఆయన పక్కన నిలబెట్టాను. “గేటు తెరుచుకుంది, వెళ్ళవేం?” అన్నారు మీ నాన్న. కాసేపు ఉండనివ్వండి అన్నాను. అవతలికి మర్నాడు వెళ్ళాను. నువ్వు చెప్పినట్టు రోడ్డే ఉంది. ఎటు పోతుందో ఇంకా చూడలేదు.

ఇక మొన్న గురువారం సంగతి. ఫోన్ మీద నీ పేరు చూసి చేతిలో గరిటె కింద పడేశాను. నువ్వు చెప్పింది నీకు తెలుసు. నా వైపు ఏం జరిగిందో నీకు తెలియదు, అది చెప్పాలనే ఈ ఉత్తరం.

“అమ్మా, మా టీం మొత్తాన్ని తీసేశారు. గేమ్ సరిగా అమ్ముడుపోలేదట. నాక్కూడా జాబ్ లేదు” అన్నావు. నేను సరే అన్నాను. ఆ తర్వాత ఇద్దరం ఆగిపోయాం. అవతల నువ్వు ఊపిరి బిగపట్టావు. ఆ చప్పుడు నాకు వినపడింది. నా కూతురు ఫోన్ అవతల నిలబడి నేను తిరిగే వేళ కోసం చూస్తోందని అప్పుడు తెలిసింది. ఎనిమిదేళ్ళ పిల్లగా ఈ దేశం వచ్చినప్పటినుంచి నువ్వు ఇలాగే చూసేదానివా?

ఆ మాట నోటిదాకా వచ్చింది. దాచడం ఎందుకు, రాస్తున్నాను. ‘ఇంటికొచ్చేయ్, ఫార్మసీ మిగిలిన రెండేళ్ళూ పూర్తి చెయ్.’ ఎంత మంచి మాట చూడు. ఎవరు విన్నా తల్లి ప్రేమే అంటారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. దాని లోపల ‘నేను చెప్పానా లేదా’ అన్నది ఎంత పదునుగా ఉంటుందో నీకూ నాకూ తెలుసు. నేను పళ్ళు బిగబట్టాను. ఏదో ఒకటి అనాలి కదా, ఊరుకుంటే కూడా నువ్వు భయపడతావు. అప్పుడు నిజంగా నాకు తెలుసుకోవాలని ఉన్నది ఒకటి గుర్తొచ్చి అడిగేశాను. “చిట్టీ, ఆ గొడ్డలి బరువెంత అనుకుని చేశావు?”

నవ్వావో ఏడ్చావో నాకు తెలియలేదు. తర్వాత మొదలుపెట్టావు. గొడ్డలికి బరువే లేదని, బరువంతా మనిషి నడుములో ఉంటుందని, మీ టీం వాళ్ళు ఇసుక బస్తా మోసుకుంటూ ఆఫీసులో నడిచి చూశారని, నువ్వు దాన్ని ఎత్తలేక కింద పడ్డావని. స్టవ్ మీద పప్పు అడుగంటింది, మీ నాన్న వచ్చి కట్టేశారు. నువ్వు చెప్పిందంతా అర్థమైందని అనను. సగం అర్థమైంది. నా కూతురికి ఇంత తెలుసా అని మాత్రం ఆ గంటసేపూ అనుకుంటూనే ఉన్నాను. ఇన్నేళ్ళూ నేను నీకు చెప్పడమే గానీ, తెలియక నిన్ను అడిగింది ఒక్కటైనా ఉందా?

నేను మారిపోయానని రాయను. ఆ మాట పోలేదు, ఇది రాస్తుంటే కూడా పెన్ను చివర్న కదులుతూనే ఉంది. రేపు నువ్వు ఎక్కడో ఇంకో ఆటల కంపెనీలో చేరతానంటే మళ్ళీ లేచి కూర్చుంటుంది. దాన్ని పట్టుకోవడం నా పని, నువ్వు కాచుకుని ఉండక్కర్లేదు.

వచ్చే శనివారం నేను హెర్న్‌డన్ రావచ్చా? నీకు వండి పెట్టడానికో, నీ సామాను సర్దడానికో కాదు. ఇసుక బస్తా మోస్తే నడక ఎలా మారుతుందో చూపిస్తావని. మీ నాన్నని తీసుకురమ్మంటే తెస్తాను, వద్దంటే ఒక్కదాన్నే డ్రైవ్ చేసుకుంటూ వస్తాను. ఇప్పుడే వద్దనుకుంటే, వద్దని ఒక్క ముక్క రాయి. సరే అంటాను. ఆ సరే తర్వాత ఇంకేమీ ఉండదు.

అమ్మ